డాక్టర్ పిల్లలకు వచ్చే చందా మెయిల్.. ఎవరు ఇవ్వాలి? ఎవరు ఇవ్వకూడదు?

మదీనాగూడ, హఫీజ్‌పేట, చందానగర్ వైపు ఇళ్లలో అమెరికాలో డాక్టరుగా పనిచేస్తున్న కొడుకో, కూతురో, అల్లుడో ఉండటం ఇప్పుడు పెద్ద విశేషమేమీ కాదు. ఇక్కడ ఎంబీబీఎస్, తర్వాత యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు, అక్కడ రెసిడెన్సీ, ఆపైన ఫెలోషిప్. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి పదేళ్లు దాటిపోతాయి. తీరా గుండె డాక్టరో, అనస్థీషియా డాక్టరో అయి ఒక ఆస్పత్రిలో కుదురుకున్నాక వాళ్లకు కొత్త రకం మెయిల్ ఒకటి వస్తుంది. మన వృత్తి కోసం పనిచేస్తున్న పీఏసీకి మీ వంతు విరాళం ఇవ్వండి అని.

మసీదు చందా మన ఇళ్లలో అందరికీ తెలుసు. మదర్సా చందా తెలుసు. పేద పిల్లల ఫీజులకు వసూలు చేసే చందా తెలుసు. ఈ చందా మాత్రం వాటిలో దేనికీ చెందదు. ఇది రాజకీయ చందా. ఇవ్వాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. అసలు ఇచ్చే హక్కు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. అమెరికా పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉన్న స్పెషలిస్టు దీన్ని ఇవ్వొచ్చు, ఇవ్వటం మంచిది కూడా. హెచ్-1బీ, జే-1 వీసాల మీద ఉన్న డాక్టరు మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ఈ తేడా తెలియక ఎవరైనా ఆ లింకు నొక్కితే అది అమెరికా ఎన్నికల చట్టాన్ని దాటినట్టే.

పీఏసీ అంటే ఏమిటి?

పొలిటికల్ యాక్షన్ కమిటీ అన్న పేరుకు పొట్టి రూపమే పీఏసీ. అక్కడివాళ్లు దాన్ని 'ప్యాక్' అని పలుకుతారు. ఒకే వృత్తిలోనో, ఒకే సంఘంలోనో ఉన్నవాళ్లు తలా కొంత వేసుకుని, ఆ మొత్తాన్ని తమ మాట వినే అభ్యర్థుల ప్రచారానికి ఇచ్చే కమిటీ ఇది. 1943లో కార్మిక సంఘాలు దీనికి దారి వేశాయి. యూనియన్లు తమ ఖజానా నుంచి నేరుగా అభ్యర్థులకు డబ్బు ఇవ్వటాన్ని చట్టం ఆపేస్తే, సభ్యుల నుంచి విడిగా వసూలు చేసి ఇచ్చే పద్ధతి పుట్టింది. డాక్టర్లు 1961లో ఆ దారి పట్టారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్, అంటే ఏఎంఏ, ఆ ఏడాది 'ఆంప్యాక్' అనే కమిటీ పెట్టింది. తర్వాత ఒక్కో స్పెషాలిటీ తనకంటూ ఒకటి పెట్టుకుంది. అనస్థీషియా వాళ్లకు ఒకటి, ఎమర్జెన్సీ డాక్టర్లకు ఒకటి, కంటి డాక్టర్లకు ఒకటి, చర్మ వైద్యులకు ఒకటి, రేడియాలజిస్టులకు ఒకటి ఉన్నాయి.

సంఘం వేరు, పీఏసీ వేరు. సంఘానికి కట్టే సభ్యత్వ రుసుము నుంచి అభ్యర్థికి పైసా కూడా పోకూడదు. పీఏసీ ఖాతాలోకి సభ్యులు ఇష్టపూర్వకంగా, విడిగా ఇచ్చిన డబ్బే రావాలి. ఇవ్వను అన్నవాళ్ల మీద కక్ష సాధించకూడదు. ఆ మాట అడిగేటప్పుడే చెప్పాలి.

లెక్కలకు కూడా హద్దులున్నాయి. ఒక మనిషి ఒక పీఏసీకి ఏడాదికి 5,000 డాలర్లు మించి ఇవ్వకూడదు. చట్టం చెప్పిన అర్హతలున్న పీఏసీ ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 5,000 డాలర్లు మించి ఇవ్వకూడదు. పార్టీ లోపల జరిగే ప్రైమరీ ఒక ఎన్నిక, ఆ తర్వాతి అసలు ఎన్నిక ఇంకోటి. నగదు రూపంలో అయితే 100 డాలర్లే పరిమితి. ఏడాదిలో 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, వృత్తి, పనిచేసే చోటు ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. పీఏసీ ఎవరికి ఎంత ఇచ్చిందో కూడా అక్కడే ఉంటుంది. అంటే ఇది చాటుగా జరిగే వ్యవహారం కాదు. టీవీల్లో వినిపించే 'సూపర్ పీఏసీ' వేరే సంగతి. దానికి వసూళ్ల పరిమితి లేదు, కానీ అభ్యర్థి చేతికి నేరుగా డబ్బు ఇవ్వకూడదు.

స్పెషలిస్టులనే ఎందుకు అడుగుతారు?

దీనికి సమాధానం డాక్టరు ఫీజు ఎలా తయారవుతుందో తెలిస్తే అర్థమవుతుంది. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది. డాక్టరు చేసే ప్రతి పనికీ అది కొన్ని పాయింట్లు వేస్తుంది. ఓపీలో చూస్తే ఇన్ని, స్కాన్ చదివితే ఇన్ని, మోకాలి ఆపరేషన్ చేస్తే ఇన్ని అని. ఒక్కో పాయింటుకు ఇన్ని డాలర్లు అని ఏటా ఒక ధర కడుతుంది. పాయింట్లను ఆ ధరతో గుణిస్తే ఫీజు వస్తుంది. చాలా ప్రైవేటు బీమా కంపెనీలు కూడా ఈ పట్టికనే చూసి తమ రేట్లు వేసుకుంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక స్పెషాలిటీకి పాయింట్లు పెరిగి ఖర్చు ఏడాదికి రెండు కోట్ల డాలర్లు దాటేలా ఉంటే, ఆ భారాన్ని మిగతా వాళ్ల దగ్గర కోసి సరిచేయాలి. ఒకే రొట్టెను పదిమంది పంచుకోవటం లాంటిది ఇది. ఒకరి ముక్క పెద్దదైతే పక్కవాడిది చిన్నదవుతుంది. పైగా ఆస్పత్రులకు ఇచ్చే రేట్లు ధరల పెరుగుదలను బట్టి ఏటా సవరిస్తారు. డాక్టర్ల పాయింటు ధరకు అలాంటి ఏర్పాటు లేదు. పెంచాలంటే పార్లమెంటు, అంటే అక్కడి కాంగ్రెస్, చట్టం చేయాలి.

2020లో ఒక పాయింటు ధర 36.09 డాలర్లు. 2021కి ఓపీ కన్సల్టేషన్లకు పాయింట్లు పెంచారు. దాన్ని సరిచేయటానికి పాయింటు ధరను 32.41కి దించాలని నిర్ణయించారు. అంటే పది శాతం కోత. ఓపీ తక్కువగా ఉండే రేడియాలజిస్టులు, సర్జన్లు, అనస్థీషియా వాళ్లకు అది గట్టి దెబ్బ. వైద్య సంఘాలన్నీ వాషింగ్టన్‌లో తలుపులు తట్టాయి. 2020 డిసెంబరు ఆఖరులో కాంగ్రెస్ చట్టం చేసి కొంత డబ్బు కలిపింది. దాంతో ధర 34.89 దగ్గర ఆగింది. ఆ తర్వాత మళ్లీ జారుతూ 2025 నాటికి 32.35కి వచ్చింది. ఈ ఐదేళ్లలో క్లినిక్ అద్దె, నర్సుల జీతాలు, మందుల ఖర్చు మాత్రం దిగలేదు. చివరికి 2025 జులైలో చేసిన చట్టంలో 2026 ఒక్క ఏడాదికి 2.5 శాతం పెంపు ఇచ్చారు.

ఇలాంటి సమయంలో బీమా కంపెనీల ప్రతినిధులు, ఆస్పత్రుల ప్రతినిధులు, మందుల కంపెనీల ప్రతినిధులు అందరూ సభ్యుల గడపలో ఉంటారు. రోజంతా ఆపరేషన్ థియేటర్‌లో ఉండే డాక్టరు అక్కడికి వెళ్లలేడు. అందుకే తన తరఫున వెళ్లేవాళ్లకు దారి ఖర్చు ఇవ్వమని సంఘం అడుగుతుంది. పదిమంది ఇచ్చి సాధించిన పెంపు ఇవ్వని తొంభైమందికీ అందుతుంది. నేను ఇవ్వకపోతే ఏం పోయింది అని అందరూ అనుకుంటే ఎవరూ ఇవ్వరు. డాక్టర్ల కమిటీల అసలు ఇబ్బంది ఇదే.

ఇస్తే ఫలితం ఉంటుందా?

ఉంటుంది, కానీ చెప్పుకున్నంత నేరుగా ఉండదు. పీఏసీ ఇచ్చే 5,000 డాలర్లతో సభ్యుడి ఓటు కొనలేరు, కొంటే అది లంచం. దొరికేది పదిహేను నిమిషాల సమయం. ఆ పదిహేను నిమిషాల్లో విషయం తెలిసిన డాక్టరు కూర్చుని, ఈ క్లాజు ఇలా ఉంటే పల్లెలో ఉన్న క్లినిక్ మూతపడుతుంది అని వివరించగలగాలి.

గెలిచిన సందర్భం ఒకటి చూద్దాం. 1997లో తెచ్చిన ఒక సూత్రం ప్రకారం ఏటా డాక్టర్ల ఫీజుల్లో పెద్ద కోత పడే పరిస్థితి వచ్చింది. 2003 నుంచి 2014 దాకా 17 సార్లు కాంగ్రెస్ తాత్కాలికంగా ఆ కోతను వాయిదా వేసింది. చివరికి 2015 ఏప్రిల్‌లో ఆ సూత్రాన్నే ఎత్తేశారు. దిగువ సభలో 392–37, సెనేట్‌లో 92–8 ఓట్లతో బిల్లు గెలిచింది. రెండు పార్టీలవాళ్లూ చేతులు కలిపితే తప్ప రాని అంకెలు ఇవి. ఏళ్ల తరబడి రెండు వైపులా సంబంధాలు నిలబెట్టుకున్న వైద్య సంఘాలకు ఇందులో వాటా ఉంది. అయితే ఆ కొత్త చట్టమే 2020 నుంచి 2025 దాకా ఏటా పెంపు సున్నా అని రాసింది. గెలిచామనుకుని ఇంటికి వెళ్లిపోతే ఏమవుతుందో చెప్పే పాఠం అది.

మరో వైపు కూడా చూడాలి. డాక్టర్ల కమిటీ చెప్పేదంతా పేషెంటు మేలు కోసమే అనుకోవటం అమాయకత్వం. 1960ల మొదట్లో ముసలివాళ్లకు ప్రభుత్వ బీమా వద్దని గట్టిగా పోరాడింది ఏఎంఏనే. 1965లో మెడికేర్ వచ్చింది, ఈరోజు అదే లేకపోతే అమెరికాలో వృద్ధుల వైద్యం ఊహించలేం. 2019లో ఇంకో ముచ్చట జరిగింది. పేషెంట్లకు అనుకోని బిల్లులు పడకుండా చట్టం తేవాలని చర్చ నడుస్తుంటే 'డాక్టర్ పేషెంట్ యూనిటీ' పేరుతో టీవీ ప్రకటనలు హోరెత్తాయి. పేరు చూస్తే డాక్టర్లూ పేషెంట్లూ కలిసి పెట్టుకున్నట్టు ఉంది. డబ్బు మాత్రం పెట్టుబడి సంస్థల చేతుల్లో ఉన్న డాక్టర్ల నియామక కంపెనీలదని తర్వాత బయటపడింది. చట్టం 2020 డిసెంబరులో రానే వచ్చింది, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందుకే చందా అడిగేది ఎవరు, ఆ సంఘం నిజంగా డాక్టర్లదేనా అన్నది చూసుకోవాలి.

వీసా మీద ఉన్నవాళ్లు ఆగాలి

అమెరికా ఎన్నికల చట్టం ప్రకారం విదేశీయులు ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదు. దేశ స్థాయి ఎన్నిక అయినా, రాష్ట్రానిదైనా, ఊరి మేయరుదైనా ఇదే నియమం. పీఏసీకి ఇవ్వటం కూడా ఇందులోకే వస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. హెచ్-1బీ, జే-1, హెచ్-4, విజిటర్ వీసా.. ఇవన్నీ నిషేధం కిందే ఉంటాయి. అక్కడ పదిహేనేళ్లుగా పన్ను కడుతున్నా తేడా లేదు.

దీన్ని కోర్టులో అడిగినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒకరు న్యూయార్క్ ఆస్పత్రిలో రెసిడెన్సీ చేస్తున్న విదేశీ డాక్టరు, ఇంకొకరు కెనడా లాయరు. ఇక్కడే ఉంటున్నాం, ఇక్కడే పనిచేస్తున్నాం, చందా ఇచ్చే హక్కు ఎందుకుండదు అన్నది వాళ్ల వాదన. 2011లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు కుదరదంది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. కాబట్టి ఈ విషయంలో ఇక సందేహానికి తావు లేదు.

సమస్య ఏమిటంటే సంఘాల మెయిళ్లు సభ్యులందరికీ ఒకేసారి పోతాయి. వీసా ఉన్నవాళ్లూ, పౌరులూ అదే జాబితాలో ఉంటారు. విరాళం పేజీలో చివర ఒక చిన్న గడి ఉంటుంది. నేను అమెరికా పౌరుడిని లేదా శాశ్వత నివాసిని అని. చదవకుండా అక్కడ టిక్ పెడితే అబద్ధం రాసినట్టు అవుతుంది. తెలిసి చేస్తే నేరం కూడా. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తున్న డాక్టరుకు పాతిక డాలర్ల కోసం ఇలాంటి మచ్చ అవసరమా?

ఇంట్లోవాళ్లకు తరచూ వచ్చే ఆలోచనలు కొన్ని ఉంటాయి. కోడలికి సిటిజన్‌షిప్ ఉంది కదా, కొడుకు డబ్బు ఆమె పేరు మీద ఇస్తే సరిపోదా? సరిపోదు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరుతో ఇవ్వటం విడిగా మరో నేరం. రచయిత దినేశ్ డిసౌజా భారత్‌లో పుట్టి అమెరికా పౌరుడైనవాడు. 2012లో ఒక సెనేట్ అభ్యర్థికి వేరేవాళ్ల పేర్లతో చందా ఇప్పించాడు. 2014లో కోర్టులో నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయన పౌరుడే, హక్కు ఉన్నవాడే. అయినా దారి తప్పింది. 2018లో అధ్యక్షుడు క్షమాభిక్ష ఇచ్చాడు గానీ, అందరికీ ఆ అదృష్టం ఉండదు. కోడలు తన సంపాదనలోంచి, తన ఇష్టంతో ఇస్తే అది వేరు, అది ఆమె హక్కు. అలాగే మదీనాగూడ నుంచి అబ్బా పంపిన డబ్బుతో చందా కట్టటం కూడా విదేశీ డబ్బు కిందకే వస్తుంది.

పొరపాటున ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచుకోవటం కంటే చెప్పేయటమే మేలు. పీఏసీ కోశాధికారికి రాతపూర్వకంగా తన వీసా సంగతి చెప్పి డబ్బు వెనక్కి అడగాలి. చెల్లని విరాళమని తెలిసిన 30 రోజుల్లో కమిటీ దాన్ని తిరిగి ఇచ్చేయాలి. ఆ కాగితాలు దాచుకుని, ఇమిగ్రేషన్ లాయరుకు ఒకసారి చూపించుకోవటం మంచిది.

అవసరం ఎక్కువ ఉన్నవాళ్లకే హక్కు లేదు

ఇక్కడే ఈ చందాలో ఉన్న అసలు చేదు కనిపిస్తుంది. అమెరికా డాక్టర్లలో నలుగురిలో ఒకరు బయటి దేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లే. వాళ్లలో భారతీయుల వాటా అన్నిటికన్నా పెద్దది. వాళ్ల బతుకు మొత్తం చట్టాల మీద ఆధారపడి ఉంటుంది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. రెసిడెంటు డాక్టరు ఏడాది జీతం కంటే అది ఎక్కువ. ఏ పల్లె ఆస్పత్రి అంత కట్టి డాక్టరును తెచ్చుకుంటుంది? అదే నెలలో ఏఎంఏతో కలిసి యాభైకి పైగా వైద్య సంఘాలు డాక్టర్లకు మినహాయింపు ఇవ్వాలని ప్రభుత్వానికి లేఖ రాశాయి. వీసా డాక్టర్లు ఒక్కొక్కరూ విడివిడిగా రాస్తే చదివేవాళ్లు ఎవరు? సంఘం రాస్తే కనీసం చదువుతారు.

జే-1 మీద చదివినవాళ్లకు కాన్రాడ్-30 ప్రాణవాయువు లాంటిది. జే-1 డాక్టరు చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండి రావాలన్నది నియమం. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నియమం నుంచి మినహాయింపు ఇస్తారు. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే ఆ అవకాశం. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో మొదలైన ఈ పథకం శాశ్వతం కాదు. కాంగ్రెస్ పొడిగిస్తూ పోతేనే నడుస్తుంది. గ్రీన్‌కార్డులో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల భారతీయుల క్యూ ఏళ్ల తరబడి సాగుతోంది. ఇవన్నీ మార్చగలిగేది కాంగ్రెస్సే.

అంటే చట్టం వల్ల ఎక్కువ నలిగేవాళ్లు చందా ఇవ్వలేరు. ఇవ్వగలిగినవాళ్లలో చాలామంది ఆ క్యూ దాటి వచ్చేసినవాళ్లు, పాత కష్టం మర్చిపోయినవాళ్లు. పదేళ్ల కింద ఇదే వీసాతో నలిగిన అన్న ఇప్పుడు సిటిజన్ అయ్యాడు. వెనక వస్తున్న తమ్ముడి కోసం ఏడాదికి వంద డాలర్లు ఇచ్చి, ఆ డబ్బుతో పాటు ఒక ఉత్తరం కూడా రాయాలి. నా చందా కావాలంటే ఫీజుల గొడవతో పాటు వీసా డాక్టర్ల సంగతి కూడా మీ జాబితాలో పెట్టండి అని. ఇచ్చేవాడి మాటకే అక్కడ విలువ. ఊరికే ఇచ్చి మౌనంగా ఉంటే ఆ డబ్బు ఫీజుల పోరాటానికే సరిపోతుంది.

వీసా మీద ఉన్నవాళ్లకు వేరే దారులున్నాయి. సంఘంలో సభ్యత్వం తీసుకోవచ్చు, రుసుము కట్టొచ్చు. తమ నియోజకవర్గ సభ్యుడికి ఉత్తరం రాయొచ్చు, కలిసి మాట్లాడొచ్చు. జీతం తీసుకోకుండా ప్రచారంలో వాలంటీరుగా పనిచేయొచ్చు. పీఏసీ డబ్బు ఎవరికి ఇవ్వాలో తేల్చే చర్చలో మాత్రం పాల్గొనకూడదు. 1982లో ఏర్పడిన భారతీయ సంతతి డాక్టర్ల సంఘం 'ఆపి' వాషింగ్టన్‌లో సభ్యులను కలిసే కార్యక్రమాలు చేస్తుంటుంది. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో చదివిన పిల్లల అనస్థీషియా స్పెషలిస్టు డాక్టర్ అనుపమ గోటిముకుల 2021-22లో దానికి అధ్యక్షురాలిగా చేశారు. తెలుగువాళ్లకు ఆ వేదికలు కొత్త కాదు.

ఇచ్చేముందు చూసుకోవాల్సినవి

మొదటిది, కమిటీ ఎవరికి ఇస్తోంది? డాక్టర్ల పీఏసీ ఒక సభ్యుణ్ని తూచేది వైద్యం మీద వేసిన ఓటుతోనే. ఆ సభ్యుడు వలసల గురించి, ముస్లింల గురించి, ఫలస్తీన్ గురించి ఏమంటాడన్నది దానికి పట్టదు. రెండు పార్టీలకూ ఇస్తుంది. కాబట్టి మన పిల్లలు ఇచ్చిన డాలరు వాళ్లు సహించలేని ఒక అభ్యర్థికి చేరే అవకాశం ఉంది. ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో కమిటీ పేరు కొడితే గత రెండేళ్ల జాబితా వస్తుంది. పావుగంట చూస్తే చాలు. మనసు ఒప్పుకోకపోతే పీఏసీని వదిలి, నచ్చిన అభ్యర్థికే నేరుగా ఇవ్వొచ్చు. 2025-26లో ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల దాకా అనుమతి ఉంది.

రెండోది, పన్ను. పీఏసీ చందాకు అమెరికాలో పన్ను మినహాయింపు లేదు. మసీదుకు, ధార్మిక సంస్థకు ఇచ్చినదానికి ఉంటుంది, దీనికి ఉండదు. అలాగే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలు అభ్యర్థులకు డబ్బు ఇవ్వకూడదు. సేవా సంస్థ పేరు చెప్పి ఎన్నికల చందా అడిగితే అక్కడే ఆగిపోవాలి. జకాత్ డబ్బును ఇందులో కలపటం గురించి ఎవరైనా అడిగితే, జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ చెప్పిన ఎనిమిది వర్గాలు ఉన్నాయి. ఎన్నికల ఖర్చు లెక్కను దానికి దూరంగా, విడిగా ఉంచుకోవటం మేలు.

మూడోది, ఒత్తిడి. డిపార్ట్‌మెంట్ హెడ్ అడిగాడనో, అందరూ ఇచ్చారనో ఇవ్వాల్సిన పని లేదు. వద్దు అనే హక్కు చట్టమే ఇచ్చింది.

మరి ఇక్కడి డాక్టర్ల సంగతి?

భారతదేశంలో పీఏసీలు లేవు. డాక్టర్ల గొంతు సంఘాల ద్వారానే వినిపిస్తుంది. 1928లో పుట్టిన ఇండియన్ మెడికల్ అసోసియేషన్ మాట వినిపించటానికి చేసేది ఎక్కువగా వినతిపత్రాలు, ధర్నాలు, చివరికి ఓపీల బంద్. నేషనల్ మెడికల్ కమిషన్ బిల్లు మీద 2019 జులై 31న, కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రి ఘటన తర్వాత 2024 ఆగస్టు 17న దేశమంతా 24 గంటలు సేవలు ఆపారు. తెలంగాణలో బకాయిలు రాలేదని 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ఇలాంటి బంద్‌లలో చివరికి వరుసలో నిలబడి వెనక్కి వెళ్లేది కార్డు పట్టుకొచ్చిన పేషెంటే.

పెద్ద డబ్బు మాత్రం వేరే దారిలో పోయింది. 2018లో వచ్చిన ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. మార్చిలో ఎన్నికల సంఘం పెట్టిన జాబితాలో హైదరాబాద్ యశోద సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ పేరు మీద 162 కోట్ల రూపాయల బాండ్లు కనిపించాయి. డాక్టర్ రెడ్డీస్, హెటిరో, అరబిందో లాంటి మందుల కంపెనీల పేర్లూ ఉన్నాయి. అప్పట్లో అది చట్టం ఒప్పుకున్న పద్ధతే. కానీ ఇచ్చేటప్పుడు ఎవరు ఎవరికి ఇచ్చారో జనానికి తెలియదు, కోర్టు చెప్పాకే తెలిసింది. వంద డాలర్ల స్పెషలిస్టు చందాకూ, దీనికీ తేడా అంకెలో మాత్రమే కాదు, వెలుతురులో కూడా ఉంది.

ఇక్కడ ఒక డాక్టరు సొంతంగా పార్టీకి ఇవ్వాలనుకుంటే దారి ఉంది. చెక్కుతోనో, ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. పార్టీలు ఒక మనిషి నుంచి 2,000 రూపాయలు మించి నగదు తీసుకుంటే వాటి పన్ను మినహాయింపుకే ముప్పు. 20,000 రూపాయలు దాటిన చందాల వివరాలు పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80జీజీసీ సెక్షన్ కింద నగదు కాని చందాకు పూర్తి మినహాయింపు దొరికేది, అదీ పాత పన్ను పద్ధతి ఎంచుకుంటేనే. దీన్ని అడ్డం పెట్టుకుని పేరు తెలియని పార్టీలకు చెక్కు ఇచ్చి, కమీషన్ పోగా మిగతాది నగదుగా వెనక్కి తీసుకునే దందా నడిచింది. ఇలాంటి తప్పుడు క్లెయిముల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జులైలో దేశవ్యాప్తంగా సోదాలు చేసింది. రిటర్న్ వేసేవాడు 'ఒక రసీదు ఇప్పిస్తా సార్' అంటే డాక్టర్లు జాగ్రత్తపడాల్సింది అక్కడే.

అమెరికా వెళ్లిన పిల్లలు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. విదేశీ విరాళాల చట్టం 2010 ప్రకారం వేరే దేశ పౌరులు మన పార్టీలకు చందా ఇవ్వకూడదు. ఓసీఐ కార్డు ఉన్నా విదేశీ పౌరుడి కిందే లెక్క. అంటే అమెరికా పాస్‌పోర్టు చేతికొచ్చాక అక్కడ ఇచ్చే హక్కు ఉంటుంది, ఇక్కడ ఇచ్చే హక్కు పోతుంది. భారత పాస్‌పోర్టు, అమెరికా గ్రీన్‌కార్డు రెండూ ఉన్న కొన్నేళ్లు మాత్రం రెండు చోట్లా తలుపు తెరిచే ఉంటుంది.

కాబట్టి ఈసారి వీడియో కాల్‌లో కొడుకో కూతురో చందా మెయిల్ సంగతి ఎత్తితే ఇంట్లోవాళ్లు అడగాల్సింది రెండు మాటలు. నీ కార్డు ఏ రంగుది, వీసానా గ్రీనా? ఆ కమిటీ పోయిన ఎన్నికల్లో ఎవరికి ఇచ్చిందో చూశావా? మొదటిదానికి వీసా అని జవాబొస్తే మెయిల్ పక్కన పెట్టేసి, సంఘం సభ్యత్వం తీసుకుని మాట వినిపించమనాలి. గ్రీన్‌కార్డో, సిటిజన్‌షిప్పో వచ్చిందంటే, జాబితా చూసి మనసు ఒప్పుకుంటే, తన పేరుతో, తన సంపాదనలోంచి, రసీదు తీసుకుని ఇవ్వమనాలి. ఇచ్చిన చేత్తోనే క్యూలో ఉన్నవాళ్ల గురించి నాలుగు ముక్కలు రాయమని కూడా చెప్పాలి.